బల్క్ డ్రగ్ బ్లాకులో ట్యాబ్‌లు, వాకీటాకీలు: జోన్ 1లో ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు?

ప్రొడక్షన్_పరవాడ అడిగిన ప్రశ్న

నమస్కారం అండి. మాది బల్క్ డ్రగ్ (మందుల ముడి సరుకు) యూనిట్. ఒక బ్లాకులో మూడు ఫ్లోర్లు, 2 నుంచి 5 కిలోలీటర్ల రియాక్టర్లు ఉన్నాయి. సాల్వెంట్లు ముఖ్యంగా టొలుయిన్, మెథనాల్, టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్). గోడ అవతలే హైడ్రోజన్ గ్యాస్ వాడే హైడ్రోజనేషన్ రూమ్. ఇప్పటిదాకా ఫోన్లు గేటు దగ్గర లాకర్లలో పెట్టించి మనుషుల్ని లోపలికి పంపుతున్నాం.

ఇప్పుడు బ్యాచ్ రికార్డు ట్యాబ్‌లో రాయాలని, షిఫ్ట్ కెమిస్టులకు వాకీటాకీలు ఇవ్వాలని, సాల్వెంట్ యార్డులో టెంపరేచర్‌కి వైర్‌లెస్ సెన్సర్లు పెట్టాలని పైనుంచి ఒత్తిడి. నా సందేహాలు ఇవి.

ఫ్లైట్ మోడ్‌లో పెడితే మామూలు ట్యాబ్ లోపలికి తీసుకెళ్లొచ్చా? ఐపీ68 ఉన్న గట్టి ట్యాబ్ చాలంటున్నాడు వెండర్, నిజమేనా? ట్రయల్‌కి తెచ్చిన 5 వాట్ల వాకీటాకీని సేఫ్ ఏరియాలో, డే ట్యాంక్ వెయిట్ ఇండికేటర్ దగ్గర నొక్కితే రీడింగ్ 8, 10 కిలోలు ఎగురుతోంది. లోడ్ సెల్ (బరువు కొలిచే సెన్సర్) పాడైనట్టా? ఒక ఆపరేటర్‌కి పేస్‌మేకర్ ఉంది, అతనికి సెట్ ఇవ్వొచ్చా?

జోన్_గీత

ముందు ఫ్లైట్ మోడ్ సంగతి. అది రేడియోని ఆపుతుంది, బ్యాటరీని కాదు. మామూలు ఫోన్‌తో జోన్ 1లో (మామూలు పనిలోనే మండే ఆవిరి అప్పుడప్పుడు ఉండే చోట) మన మొదటి భయం తరంగాల గురించి కాదు. కిందపడి పగిలిన బ్యాటరీ, వైబ్రేటర్ మోటారు, చార్జింగ్ పోర్టులో షార్ట్, వేడెక్కిన చిప్ గురించి. 4000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీలో సుమారు 15 వాట్ అవర్ శక్తి ఉంటుంది, అంటే 55 వేల జౌళ్లు. మెథనాల్ ఆవిరి అంటుకోడానికి 0.14 మిల్లీజౌల్ స్పార్క్ చాలు, హైడ్రోజన్‌కి 0.02 కన్నా తక్కువే. కాబట్టి ఫ్లైట్ మోడ్ పెట్టినా మామూలు ట్యాబ్ మామూలు ట్యాబే.

ఐపీ68 నీళ్లు, దుమ్ము లోపలికి పోకుండా చూస్తుంది. ఎత్తు నుంచి పడినా పగలదని చెప్పే మిలిటరీ టెస్టులూ అంతే. ఈ రెండూ మండే ఆవిరి గురించి ఒక్క ముక్క చెప్పవు. జిప్‌లాక్ కవరులో పెట్టి తీసుకెళ్లడం ఇంకా దారుణం: ఆవిరి లోపలికి పోతుంది, పైగా ప్లాస్టిక్ రాపిడికి స్టాటిక్ పుడుతుంది.

పరికరం కొనే ముందు మీ ఏరియా క్లాసిఫికేషన్ డ్రాయింగ్ (ఎక్కడ ఏ జోన్ అని చూపే పటం) బయటికి తీయండి. మన దగ్గర దానికి ఆధారం ఐఎస్ 5572 అనే భారతీయ ప్రమాణం. రియాక్టర్ లోపల జోన్ 0 (ఆవిరి ఎప్పుడూ ఉండే చోటు), మ్యాన్‌హోల్, చార్జింగ్ పాయింట్, సెంట్రిఫ్యూజ్ చుట్టూ సాధారణంగా జోన్ 1, దాని అవతల జోన్ 2 (ఆవిరి అరుదుగా, కాసేపే ఉండే చోటు). చాలా డ్రాయింగులు పది పన్నెండేళ్ల కిందటివి. తర్వాత వేసిన కొత్త రియాక్టర్లు వాటిలో ఉండవు. టొలుయిన్ ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువు, టీహెచ్‌ఎఫ్ రెండున్నర రెట్లు. అందుకే జోన్ 2లో ఉన్న గుంటలు, కేబుల్ ట్రెంచులు, డ్రెయిన్లు జోన్ 1 కింద లెక్క. హైడ్రోజన్ దీనికి తిరగబడి పైకప్పు కింద చేరుతుంది.

తర్వాత ప్లేటు చదవడం. మీకు కావలసింది "ఎక్స్ ఐబీ టూ-సీ టీ4 జీబీ" (Ex ib IIC T4 Gb), లేదా అంతకన్నా మెరుగైనది.

మొదటి ఎక్స్ అంటే పేలుడు రక్షణ ఉన్న పరికరం. ఐఏ అయితే జోన్ 0 దాకా, ఐబీ జోన్ 1 దాకా, ఐసీ జోన్ 2కి మాత్రమే. చివరి జీఏ, జీబీ, జీసీ అదే వరసలో మళ్లీ చెబుతాయి. రోమన్ రెండు పక్కన ఉండే అక్షరం గ్యాస్ గ్రూపు: టొలుయిన్, మెథనాల్ టూ-ఏ, టీహెచ్‌ఎఫ్ టూ-బీ, హైడ్రోజన్ టూ-సీ. టీ4 అంటే పరికరం ఉపరితలం 135 డిగ్రీలు దాటదు. మీ మూడు సాల్వెంట్లలో తక్కువ వేడికి తనంతట తాను అంటుకునేది టీహెచ్‌ఎఫ్, అది 200 డిగ్రీల పైమాటే. కాబట్టి టీ4 సరిపోతుంది, టీ6 కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు.

జోన్ 2కి జీసీ ట్యాబ్ చవకగా వస్తుంది, కానీ నేనైతే వద్దంటాను. చేతిలో పట్టుకునే వస్తువు గీత దగ్గర ఆగదు. కెమిస్ట్ మాట్లాడుతూ మాట్లాడుతూ మ్యాన్‌హోల్ దాకా వెళ్తాడు. హైడ్రోజనేషన్ రూమ్ గోడ అవతలే అంటున్నారు కాబట్టి గ్రూపు కూడా ఒకటే, టూ-సీ, తీసుకోండి. రెండు రకాల సెట్లు ఉంటే ఏదో ఒక రాత్రి షిఫ్టులో తారుమారవుతాయి.

ఎక్కువమంది చూడనిది ఇంకొకటి ఉంది: యాంబియంట్, అంటే చుట్టూ ఉండే గాలి వేడి. ప్లేటు మీద ఏమీ రాయకపోతే సర్టిఫికెట్ మైనస్ 20 నుంచి ప్లస్ 40 డిగ్రీల వరకే. మే నెలలో మన సాల్వెంట్ యార్డు నీడలోనే 40 దాటుతుంది. ప్లస్ 50 లేదా 55 అని రాసి ఉన్న మోడల్ అడగండి. లేకపోతే సర్టిఫికెట్ ఉన్నా ఎండాకాలంలో అది చెల్లదు.

రియాక్టర్_ఫిట్టర్

ఇంత రాద్ధాంతం అవసరమా అన్నా? ఫోన్ వల్ల పెట్రోల్ బంకు అంటుకున్నట్టు ఎక్కడా తేల్లేదు, అన్నీ స్టాటిక్ కేసులే అంటారు.

జోన్_గీత

బంకు విషయంలో మీరన్నది చాలావరకు నిజం. రేడియో తరంగాలు బంకుని తగలబెట్టాయని గట్టిగా చెప్పలేం, అక్కడ ముఖ్య శత్రువు స్టాటిక్. అయితే బంకులో మనిషి బహిరంగ గాలిలో రెండు నిమిషాలు నిలబడతాడు. ఇక్కడ మూసిన ఫ్లోరులో, తెరిచిన మ్యాన్‌హోల్ దగ్గర, రోజూ మూడు షిఫ్టులు, అదే ట్యాబ్ వందసార్లు కింద పడుతుంది. స్టాటిక్ పెద్ద ప్రమాదం అన్నంత మాత్రాన రెండోదాన్ని తలుపు తీసి పిలవక్కర్లేదు. మీ సెంట్రిఫ్యూజ్‌కి నైట్రోజన్, బాండింగ్ క్లిప్పులు సరిగా లేకపోతే ముందు అవి చూడండి, అందులో మాత్రం మీతో ఏకీభవిస్తాను.

మిల్లీవోల్ట్

లోడ్ సెల్ పాడవలేదండి. ఇది లెక్కకి అందే విషయమే.

వాకీటాకీ దగ్గర విద్యుత్ క్షేత్రం సుమారుగా: 7 గుణకారం వాట్ల వర్గమూలం, దాన్ని మీటర్లలో దూరంతో భాగించాలి. 5 వాట్ల సెట్టుకి 1 మీటరు దగ్గర 15.6 వోల్ట్/మీటరు వస్తుంది, అర మీటరులో 31. పారిశ్రామిక పరికరాలకు వర్తించే ఐఈసీ 61326-1 ప్రకారం 80 మెగాహెర్ట్జ్ నుంచి 1 గిగాహెర్ట్జ్ దాకా తట్టుకునే పరీక్ష 10 వోల్ట్/మీటరు. అంటే ఒక్క మీటరులో నొక్కితే మంచి ఇండికేటర్ కూడా పరీక్షించిన హద్దు దాటిపోతుంది. మామూలు ల్యాబ్ బ్యాలన్సుల్లాంటి వాటిని చాలాసార్లు 3 వోల్ట్/మీటరుకే పరీక్షిస్తారు. వాటికి ఆ సెట్టుతో 5 మీటర్లకు పైగా దూరం కావాలి. 4జీ ఫోన్ గరిష్ఠంగా 0.2 వాట్లు, మీటరు దగ్గర 3 వోల్ట్/మీటరు. అయితే కాంక్రీటు, స్టీలు మధ్య సిగ్నల్ లేకపోతే ఫోన్ ఎప్పుడూ ఆ గరిష్ఠం దగ్గరే అరుస్తుంటుంది.

లోడ్ సెల్ ఎందుకు ముందు చెదురుతుందంటే దాని సిగ్నల్ అతి చిన్నది. 10 వోల్టులు ఇస్తే, వోల్టుకి 2 మిల్లీవోల్టుల సెల్ నిండు లోడుకి ఇచ్చేది 20 మిల్లీవోల్టులే. మొత్తం కెపాసిటీ 2 టన్నులైతే 10 కిలోలంటే 0.1 మిల్లీవోల్టు. కేబులు యాంటెన్నాలా పట్టుకున్న రేడియో సిగ్నల్ యాంప్లిఫయర్ లోపల డీసీగా మారి ఆ 0.1 చేరిపోతుంది. బటన్ వదిలితే రీడింగ్ వెనక్కి వస్తుంది. వదిలినా రాకపోతే అప్పుడు సెల్ అనుమానించండి.

ఇదే పరీక్ష పద్ధతిగా చేయండి. బ్యాచ్ లేనప్పుడు ట్యాంకులో సగం నీళ్లు పెట్టి, ఇంటర్‌లాకులు బైపాస్ పర్మిట్ మీద ఉంచి, ఇంట్రిన్సికల్లీ సేఫ్ సెట్టుతోనే (అంటే ఆవిరిని అంటించేంత శక్తి బయటికి రాకుండా కట్టినది; మామూలు సెట్టు జోన్‌లోకి వద్దు) 3, 2, 1, అర మీటరు దూరాల్లో పది సెకన్ల చొప్పున నొక్కండి. లోడ్ సెల్ దగ్గర, జంక్షన్ బాక్సు దగ్గర, కేబుల్ ట్రే పక్కన, ఇండికేటర్ ముందు విడివిడిగా చేసి రీడింగ్ రాసుకోండి. ఎక్కడ ఎగిరిందో అక్కడే లోపం.

నూటికి తొంభై జంక్షన్ బాక్సులోనే దొరుకుతుంది: షీల్డు అల్లికను జడలా మెలిపెట్టి పొడుగ్గా ఒక స్క్రూకి కట్టేసి ఉంటారు, మూత గాస్కెట్ పోయి ఉంటుంది, నాలుగు బోల్టుల్లో రెండే ఉంటాయి. షీల్డుని చుట్టూ పట్టుకునే ఈఎంసీ గ్లాండు వేయండి, ఇండికేటర్ చివర ఫెర్రైట్ క్లిప్ పెట్టండి. బారియర్లు (జోన్‌లోకి వెళ్లే విద్యుత్ శక్తికి హద్దు వేసేవి) ఉన్న లూపుల్లో షీల్డు ఎర్తు ఎక్కడ అన్నది లూప్ డ్రాయింగ్ ప్రకారమే, సొంతంగా రెండో ఎర్తు కలపొద్దు.

ఇలా చెదిరేవి ఇంకా ఉన్నాయి. పీహెచ్ ఎలక్ట్రోడు గాజు నిరోధం వంద మెగాఓముల పైనే, అది దేనికైనా ఊగుతుంది. మూత తీసిన ట్రాన్స్‌మిటర్, తలుపు తీసిన పీఎల్‌సీ (యంత్రాలను నడిపే కంట్రోలర్) ప్యానెల్ కూడా అంతే: ఆ మెటల్ మూతే వాటి షీల్డు. ఫిక్స్‌డ్ గ్యాస్ డిటెక్టర్ దగ్గర నొక్కితే తప్పుడు అలారం వస్తుంది. మూడుసార్లు అలా మోగాక నాలుగోసారి నిజమైన అలారాన్ని కూడా "ఆ వాకీటాకీయే" అనుకుంటారు, అసలు నష్టం అక్కడ. వెయింగ్, ట్రిప్ లూపుల చుట్టూ 2 మీటర్ల పసుపు గీత వేసి "ఇక్కడ నొక్కొద్దు" అని రాయండి. వినడం పర్వాలేదు, సెట్టు వినేటప్పుడు ప్రసారం చేయదు.

యాంటెన్నా_ఎక్స్

5 వాట్ల సెట్టు మీద నాకూ అభ్యంతరం ఉంది, వేరే కారణంతో. రేడియో శక్తి వల్లే అంటుకునే అవకాశానికి ఐఈసీ 60079-0లో హద్దులున్నాయి. యాంటెన్నా గెయిన్ కలుపుకుని టూ-ఏకి 6 వాట్లు, టూ-బీకి 3.5, టూ-సీకి 2. పైపుల లూపులు, హాయిస్ట్ కొక్కెం లాంటి పెద్ద లోహపు వస్తువులు యాంటెన్నాలుగా మారి, తాకి విడిపోయే చోట స్పార్క్ రావడం ఇక్కడి భయం. చేతి సెట్టు చిన్న యాంటెన్నా అసలు శక్తిలో కొంత తినేస్తుంది, అయినా కాగితం మీద 5 వాట్లని రాసి టూ-సీలోకి తీసుకెళ్లలేరు. ఎటెక్స్ (యూరప్ పేలుడు భద్రత) గుర్తున్న యూహెచ్‌ఎఫ్ సెట్లు చాలావాటిలో 1 వాటే ఉంటుంది. మిల్లీవోల్ట్ గారి లెక్కలో అది మీటరు దగ్గర 7 వోల్ట్/మీటరు, మీ ఇండికేటర్‌కీ హాయి. రేంజ్ తగ్గుతుంది కాబట్టి సేఫ్ ఏరియాలో ఒక రిపీటర్ పెట్టాలి.

డ్రమ్ములు లెక్కపెట్టడానికి ఆర్‌ఎఫ్‌ఐడీ (రేడియో ట్యాగులు చదివే) గేటు పెడదామని ఎవరైనా అంటే ఈ హద్దులే చూపించండి. మన దేశంలో లైసెన్స్ లేని 865 మెగాహెర్ట్జ్ బ్యాండులో 4 వాట్ల ఈఆర్‌పీ (యాంటెన్నా గెయిన్ కలిపి వెలువడే శక్తి) దాకా అనుమతి ఉంది, అది టూ-బీ హద్దుని దాటినట్టే. టెలికాం చట్టం ఒప్పుకున్నంత మాత్రాన జోన్ ఒప్పుకోదు. వైర్‌లెస్‌హార్ట్ పద్ధతిలో పనిచేసే సెన్సర్లు (సుమారు 10 మిల్లీవాట్లు) ఆ భయం లేనివి.

సాల్వెంట్ యార్డు సెన్సర్లు కొనేటప్పుడు బ్యాటరీ ప్యాక్ జోన్‌లోనే మార్చొచ్చా లేదా అని సర్టిఫికెట్‌లో చదవండి. మార్చొచ్చని రాస్తే ఆ ప్యాక్‌నే, కంపెనీ పార్టు నంబరుతో. లిథియం థయోనైల్ క్లోరైడ్ సెల్ బజారులో ఒకే సైజులో దొరుకుతుంది, పెడితే పనిచేస్తుంది కూడా, సర్టిఫికెట్ మాత్రం ఆ క్షణమే పోతుంది.

వైఫై యాక్సెస్ పాయింట్ విషయంలో తరచూ చూసే తప్పు: మామూలు యాక్సెస్ పాయింట్‌ని ఎఫ్‌ఎల్‌పీ (ఫ్లేమ్‌ప్రూఫ్, అంటే లోపల పేలినా మంట బయటికి రానివ్వని) బాక్సులో పెట్టి బిగించడం. అల్యూమినియం బాక్సు సిగ్నల్‌ని మింగేస్తుంది. దాంతో ఎవరో బాక్సుకి రంధ్రం చేసి యాంటెన్నా బయటికి తీస్తారు, ఫ్లేమ్‌ప్రూఫ్ అక్కడితో సరి. సరైన పద్ధతిలో యాంటెన్నా లైను సర్టిఫై అయిన ఆర్‌ఎఫ్ ఐసొలేటర్ గుండా బయటికి వస్తుంది, ఆ లైను ఇంట్రిన్సికల్లీ సేఫ్ అవుతుంది. ఇంకా తేలికైనది, యాక్సెస్ పాయింట్‌ని గోడ అవతల సేఫ్ కారిడార్‌లో పెట్టి, డైరెక్షనల్ యాంటెన్నా తలుపు వైపు తిప్పడం. ముందు అది ప్రయత్నించండి.

కాగితాలు: ఎటెక్స్ లేదా ఐఈసీఎక్స్ (దాని అంతర్జాతీయ రూపం) సర్టిఫికెట్ ఒక్కటే ఇక్కడ చాలదు. పెట్రోలియం రూల్స్, 2002 కింద వచ్చే చోట చీఫ్ కంట్రోలర్ ఆఫ్ ఎక్స్‌ప్లోజివ్స్ ఆమోదం కావాలి, అంటే నాగపూర్‌లోని పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ). వెండర్ లెటరులో మోడల్ నంబరు, గ్యాస్ గ్రూపు, చెల్లుబాటు తేదీ మీరు కొనే సెట్టుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. "అదే సిరీస్ సార్" అంటే ఒప్పుకోకండి. రేడియో వైపు, 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ సెట్లకు లైసెన్స్ అక్కర్లేదు. మిగతా ఫ్రీక్వెన్సీల్లో వాకీటాకీలకు సాధారణంగా డబ్ల్యూపీసీ (టెలికాం శాఖలో ఫ్రీక్వెన్సీలు కేటాయించే విభాగం) లైసెన్స్ కావాలి. ఆన్‌లైన్‌లో చవకగా వచ్చే 5 వాట్ల సెట్లు ఈ రెండు దారుల్లోనూ తప్పుతాయి.

ప్రొడక్షన్_పరవాడ

చాలా థాంక్స్ అండి. జంక్షన్ బాక్సు తీసి చూశాం, షీల్డు జడ మెలిపెట్టే ఉంది. వాడకంలో ఏ నియమాలు పెట్టాలి? మరి పేస్‌మేకర్ సంగతి?

షిఫ్ట్_పర్మిట్

సెట్లు కొనడం తేలిక, వాటిని సర్టిఫికెట్‌లో ఉన్నట్టే నిలబెట్టుకోవడం కష్టం.

చార్జింగ్, బ్యాటరీ మార్పు సేఫ్ ఏరియాలో మాత్రమే. చార్జర్ రాక్ ఇన్‌చార్జ్ రూములో, రిజిస్టరుతో: సెట్టు నంబరు, తీసుకున్నవాడు, ఇచ్చిన సమయం, పగుళ్లున్నాయా లేదా. వాకీటాకీలో బ్యాటరీ కూడా సర్టిఫికెట్‌లో భాగమే. మామూలు బ్యాటరీ అదే లాచ్‌లో ఎక్కేస్తుంది, ఎక్కువ చోట్ల కట్టు తప్పేది ఇక్కడే. కాబట్టి స్పేర్ బ్యాటరీలకు స్టోర్స్‌లో విడిగా ఐటెమ్ కోడ్ పెట్టించండి. గ్లాసు పగిలినా, పోర్టు రబ్బరు మూత ఊడినా, బయట షాపులో స్క్రీను మార్చినా ఆ సెట్టు జోన్‌కి పనికిరాదు.

సర్టిఫికెట్ నంబరు చివర ఎక్స్ (X) అక్షరం ఉంటే ప్రత్యేక షరతులున్నాయని అర్థం. యూ అని ఉంటే అది విడి భాగానికి ఇచ్చింది, పూర్తి పరికరానికి కాదు. ఎక్స్ ఉన్నప్పుడు షరతులు ఎస్‌ఓపీలో (పని విధాన పత్రంలో) ఎక్కించండి.

గేటు దగ్గర లాకర్లు తీసేయకండి. ఫోన్ ఒక్కటే కాదు: స్మార్ట్ వాచీ, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకు, ఫిట్‌నెస్ బ్యాండు, కారు రిమోట్ తాళం కూడా అందులోకే. కాంట్రాక్టు హెల్పర్లు, లారీ డ్రైవర్లు, ఆడిట్‌కి వచ్చే పెద్దలు అందరికీ అదే నియమం. నిజానికి ఆడిటర్ల జేబులోనే ఎక్కువ దొరుకుతాయి.

సర్టిఫై కాని కెమెరా, థర్మల్ ఇమేజర్, ల్యాప్‌టాప్ లోపలికి తప్పదంటే హాట్ వర్క్ పర్మిట్ (నిప్పు పుట్టే పనులకు ఇచ్చే అనుమతి) మీదే. గ్యాస్ మీటరు ఎల్‌ఈఎల్ (ఆవిరి అంటుకోడానికి గాలిలో ఉండాల్సిన కనీస శాతం) సున్నా చూపాలి, పని జరిగినంతసేపూ మీటరు అక్కడే నడవాలి. కొలిచేటప్పుడు నిలబడ్డ ఎత్తులో కాదు, నేల దగ్గర, డ్రెయిన్ నోట్లో, ట్రెంచ్ లోపల కొలవండి. మీథేన్‌తో కాలిబ్రేట్ చేసిన మీటరు టొలుయిన్‌ని ఉన్నదాంట్లో సగమో, ఇంకా తక్కువో చూపుతుంది. టొలుయిన్ ఎల్‌ఈఎల్ 1.1 శాతం, అందులో పదో వంతు 1100 పీపీఎం. మీటరు కంపెనీ ఇచ్చే కరెక్షన్ ఫ్యాక్టరు వేసి చూడండి. సిలికోన్ స్ప్రే వాడే చోట మీటరులోని పెల్లిస్టర్ సెన్సరు చచ్చిపోయి ఎప్పుడూ సున్నాయే చూపిస్తుంది, అందుకే పనికి ముందు బంప్ టెస్ట్ (కాస్త గ్యాస్ చూపించి మీటరు పలుకుతుందా అని చూడడం) తప్పనిసరి.

పేస్‌మేకర్: ఫోన్‌ని, ముఖ్యంగా వెనక అయస్కాంతం ఉన్నదాన్ని, గుండె దగ్గరి పరికరానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. వాకీటాకీ శక్తి ఎక్కువ కాబట్టి 30 సెంటీమీటర్లు పెట్టుకోండి. సెట్టు ఛాతీ పట్టీకి తగిలించొద్దు, పేస్‌మేకర్‌కి ఎదురు వైపు నడుముకి, భుజం మైకు కూడా ఆ వైపే. వెల్డింగ్, ఇండక్షన్ సీలింగ్ మెషీన్, పౌడర్ లైనులో మాగ్నెటిక్ సెపరేటర్ అతనికి వాకీటాకీ కన్నా పెద్ద చిక్కు. అతని కార్డు మీద ఉన్న మోడల్ నంబరుతో కార్డియాలజిస్టు దగ్గర రాతపూర్వకంగా తెప్పించి, ఫ్యాక్టరీ మెడికల్ ఆఫీసరు చూశాకే డ్యూటీ వేయండి.

ప్రొడక్షన్_పరవాడ

ఒక్క సందేహం మిగిలింది. మాకు కోట్ చేసిన ట్యాబ్‌కి ఎక్స్ షరతు ఉంది, లెదర్ కేసులోనే వాడాలట. జీఎంపీ (మందుల తయారీ శుభ్రత నియమాలున్న) ఏరియాలోకి లెదర్ రానివ్వరు క్యూఏ (నాణ్యత విభాగం) వాళ్లు.

జోన్_గీత

అయితే ఆ మోడల్ మీకు పనికిరాదు. కేసు తీసేసి వాడితే సర్టిఫికెట్ పోతుంది, బజారు సిలికోన్ కేసు వేసినా అంతే. కేసు షరతు లేని మోడల్ అడగండి. చాలావాటిలో షరతు "పొడిగుడ్డతో రుద్దొద్దు, తడిగుడ్డతో తుడవండి" అన్నంతవరకే ఉంటుంది, అది క్యూఏ ఒప్పుకుంటుంది. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) వైప్‌తో తుడవాలంటే సేఫ్ సైడు ఎయిర్‌లాక్‌లో తుడిచి, పూర్తిగా ఆరాకే లోపలికి పంపండి. ఐపీఏకి గాస్కెట్ తట్టుకుంటుందని తయారీదారు దగ్గర రాతలో తీసుకోండి, కొన్ని రబ్బర్లు ఉబ్బిపోతాయి. పౌడర్ డిస్పెన్సింగ్‌లోకి కూడా ఇదే ట్యాబ్ వెళ్లేట్టయితే డస్ట్ మార్కింగ్, త్రీ-సీ డీబీ (IIIC Db), ప్లేటు మీద విడిగా ఉందో లేదో చూడండి. గ్యాస్ మార్కింగ్ దానికి చెల్లదు.